డెబ్బై రోజుల లెక్క

పోయిన ఏడాది ఎండకాలంలో ఒక రాత్రి మా పక్కవాటా ఆంటీ తన కోడలి జీతం చీటీలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. “నువ్వు పీహెచ్‌డీ జేసినవు గద బిడ్డా, జెర సూడు, మా పిల్ల పైసలు యాడ వొయినయో” అంది. నేను పీహెచ్‌డీ చేసింది తెలుగు కథల మీద. ఆ మాటే చెబితే “కతలైతేంది, సదువు సదువే గద” అని చీటీలు నా ఒళ్ళో పెట్టింది. కోడలికి అప్పుడు ఏడో నెల. నాచారం పారిశ్రామికవాడలో ఒక కుట్టు యూనిట్‌లో, కాంట్రాక్టర్ కింద పని. జీతం 12,000. ప్రతి చీటీలోనూ ‘ఈఎస్‌ఐ 90’ అని కోత ఉంది. ఐదు చీటీలు, ఐదు తొంభైలు. పని చేసిన రోజులు కూడితే 128 వచ్చాయి. ఆమె బీమా ఖాతాలో జమయిన రోజులు మాత్రం 58. కాన్పు సెలవు డబ్బులు రావాలంటే కాన్పుకు ముందటి రెండు చందా కాలాల్లో కలిపి 70 రోజులుండాలి.

పన్నెండు రోజులు తక్కువ. ఆ పన్నెండు రోజులు ఎక్కడ పోయాయో వెతుకుతూ నేను చాలా వెనక్కి, ఈ పిల్ల పుట్టడానికి డెబ్బై ఏళ్ళ ముందుకి వెళ్ళాల్సి వచ్చింది.

ముందు మా తోవ సంగతి చెప్పాలి. రోజూ తిరిగేవాళ్ళకి కళ్ళముందే ఉంటుంది కానీ ఆనదు. లాలాగూడలో రైల్వే ఆస్పత్రి ఉంది. కొంచెం ఇవతలికి వస్తే తార్నాకలో ఆర్టీసీ ఆస్పత్రి. హబ్సిగూడలో ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ వంటి కేంద్ర సంస్థలు, ఆ ఉద్యోగులకు వాళ్ళ వైద్య పథకాలు వాళ్ళకున్నాయి. అక్కడ ఎడమకు తిరిగితే నాచారం, ఈఎస్‌ఐ ఆస్పత్రి. ఈ గేట్లలో దేనికీ చెందనివాళ్ళకు ఆరోగ్యశ్రీ, 2018 నుంచి బస్తీ దవాఖానాలు, లేదంటే గాంధీ, ఉస్మానియా. ఐదారు కిలోమీటర్ల దూరంలో ఇన్ని గుమ్మాలు. ఒక్కో గుమ్మం వెనక ఒక్కో కార్మిక సంఘం చరిత్ర ఉంది. రైలు నడిపినవాడు ఒకటి సంపాదించాడు, బస్సు నడిపినవాడు ఒకటి, మిల్లులో మగ్గం నడిపినవాడు ఒకటి. వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు కార్డు మీద భార్యలుగా, తల్లులుగా ఆ గుమ్మాలు దాటారు. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళకు మాత్రం తమ పని పేరు మీద ఏ గుమ్మమూ లేదు.

ఇది మొదటినుంచీ ఇలాగే ఉండాలని ఎవరూ శాసించలేదు. ఎవరి కాన్పు ఖర్చు ఎవరు భరించాలనే ప్రశ్న ఈ దేశంలో చట్టసభ ముందుకు వచ్చి దాదాపు వందేళ్ళవుతోంది. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లు చర్చకు వచ్చినప్పుడు అంబేద్కర్ దాన్ని సమర్థిస్తూ మాట్లాడారు. తల్లికి కాన్పుకు ముందూ తరువాతా విశ్రాంతి దొరకడం దేశ ప్రయోజనానికి సంబంధించిన విషయమనీ, కాబట్టి ఆ భారంలో పెద్ద వాటా ప్రభుత్వమే మొయ్యాలనీ ఆయన వాదన. ప్రభుత్వం మొయ్యడానికి సిద్ధంగా లేదు కనుక ప్రస్తుతానికి యజమాని మీద పెట్టడంలో తప్పులేదన్నారు. బిల్లు 1929లో చట్టమైంది. ఆ ‘ప్రస్తుతానికి’ అన్నది ఇంకా పూర్తికాలేదు. స్త్రీవాద చరిత్రలు రాసుకునేటప్పుడు మనం హిందూ కోడ్ బిల్లు దగ్గర ఆగినంతసేపు ఈ 1928 చర్చ దగ్గర ఆగం. ఆగాలి.

తరువాత పదిహేనేళ్ళకు, యుద్ధం నడుస్తుండగా, అంబేద్కర్ వైస్రాయి మండలిలో కార్మిక శాఖ చూస్తున్న కాలంలోనే, రెండు నివేదికల పని దాదాపు పక్కపక్కనే మొదలైంది. బి.పి. అదార్కర్ కి 1943లో పారిశ్రామిక కార్మికుల ఆరోగ్య బీమా పథకం తయారుచేసే పని అప్పగించారు, 1944లో ఆయన నివేదిక ఇచ్చారు. అదే 1943లో జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఇంకో కమిటీ కూచుంది, అది 1946లో నివేదిక ఇచ్చింది. భోర్ కమిటీ చెప్పింది ఒక్క ముక్కలో ఇది: డబ్బు కట్టలేని కారణంగా ఏ మనిషికీ వైద్యం అందకుండా పోకూడదు, ఆ ఖర్చు పన్నుల నుంచి రావాలి. అదార్కర్ చెప్పింది వేరు. కార్మికుడి జీతం నుంచి కొంత, యజమాని నుంచి కొంత వసూలు చేసి ఒక నిధి పెట్టాలి, అందులోంచి చందాదారులకు వైద్యమూ, జబ్బు రోజులకు నగదూ ఇవ్వాలి. ఆయన పథకం ఏడాది పొడుగునా నడిచే ఫ్యాక్టరీల కోసం, బట్టల మిల్లులు, ఇంజనీరింగ్, లోహ పరిశ్రమల కోసం. నాట్లేసే ఆడవాళ్ళు ఆ లెక్కలో లేరు.

దేశం రెండింటినీ సగం సగం తీసుకుంది. భోర్ కల అరకొర బడ్జెట్లతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల దగ్గర ఆగిపోయింది. అదార్కర్ పథకం 1948లో ఈఎస్‌ఐ చట్టమై, 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీల్లో మొదలై, తరువాత ఊరూరి పారిశ్రామికవాడలకూ పాకింది. మొదట్లో వైద్యం కార్మికుడికి మాత్రమే. కుటుంబానికి ఇవ్వడం తరువాత దశల్లో వచ్చింది. అంటే తొలినాళ్ళ మిల్లు కార్మికుడికి జ్వరం వస్తే మందుంది, అతనికి వండిపెట్టే మనిషికి జ్వరం వస్తే లేదు.

ఇక్కడ నేను ఈఎస్‌ఐని తిట్టబోతున్నానని అనుకుంటారేమో. కాదు. ఆ వారం చట్టాలు చదువుతున్నప్పుడు నన్ను ఆశ్చర్యపరిచింది దాని నిర్మాణంలో ఉన్న న్యాయం. ఇది కాస్త ఓపికగా చెప్పాలి, ఎందుకంటే జమాఖర్చుల విషయం రాగానే మన సాహిత్య సభల్లో కళ్ళు మూతపడతాయి.

ఫ్యాక్టరీలు, ప్లాంటేషన్లు, దుకాణాలు, కాలేజీలు వగైరాలకు వర్తించే ప్రసూతి ప్రయోజనాల చట్టం 1961లో వచ్చింది. దాని కింద సెలవు జీతం ఇవ్వాల్సింది ఏ యజమాని దగ్గర పనిచేస్తున్నామో ఆ యజమానే. 2017లో ఈ సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు, మొదటి ఇద్దరు బిడ్డలకు. మనందరం సంతోషించాం. కానీ పెంచిన 14 వారాల జీతం కూడా ఆ యజమాని జేబులోంచే. దాంతో ఏమవుతుందో నాకు ఒక ప్రైవేటు కాలేజీ ఇంటర్వ్యూలో తెలిసింది. నా థీసిస్ మీద ఒక ప్రశ్న, పెళ్ళి మీద రెండు ప్రశ్నలు. “ఫ్యామిలీ ప్లాన్స్ ఏమిటమ్మా” అని అడిగినాయన ముఖంలో కుత్సితం ఏమీ లేదు, బడ్జెట్ ఉంది. ఆడమనిషిని తీసుకుంటే తన ఖాతాలో ఖర్చు పడుతుంది, మగమనిషిని తీసుకుంటే పడదు. చట్టమే ఆయనకు ఆ లెక్క నేర్పింది. 2018లో కేంద్ర కార్మిక శాఖ ఏడు వారాల జీతాన్ని యజమానులకు తిరిగి ఇచ్చే ప్రతిపాదన ఒకటి తెచ్చింది. అది కార్యరూపం దాల్చలేదు.

ఈఎస్‌ఐలో ఈ లెక్క పనిచెయ్యదు. అక్కడ చందా మనిషి ఆడైనా మగైనా ఒకటే శాతం. ఆ యూనిట్‌లో వందమంది గర్భిణులున్నా, ఒక్కరూ లేకపోయినా యజమాని కట్టేది మారదు. సెలవు జీతం వచ్చేది ఉమ్మడి నిధి నుంచి. ఆంటీ కోడలి పక్క మిషన్ మీద కూచునే పెళ్ళికాని పిల్లగాడి తొంభై రూపాయలు కూడా ఆమె కాన్పులో ఉంటాయి, ఆమె తొంభై రూపాయలు రేపు అతని విరిగిన వేలు కట్టులో ఉంటాయి. పునరుత్పత్తి శ్రమ సమాజం మొత్తానిది అని మనం యాభై ఏళ్ళుగా వ్యాసాల్లో రాస్తున్న మాట ఈ దేశంలో ఏదైనా చట్టం నగదుగా అమలుచేసిందంటే అది ఇదే. విచిత్రమేమిటంటే నెలకు 21,000 దాటని జీతగాళ్ళకే ఈ పద్ధతి. ఆ పైన ఉన్న నాబోటి వాళ్ళం మళ్ళీ 1929 నాటి పద్ధతిలో, ఒక్కొక్క యజమాని దయ మీద ఉన్నాం.

అంత మంచి నిర్మాణానికి భాష మాత్రం పాతదే. చట్టమంతా ‘బీమా చేయబడిన వ్యక్తి’ అంటుంది. కాన్పు, గర్భస్రావం వచ్చేసరికి ‘బీమా చేయబడిన స్త్రీ’ ప్రత్యక్షమవుతుంది, మళ్ళీ మాయమవుతుంది. పనిలో ప్రమాదం జరిగి కార్మికుడు చనిపోతే భార్యకు నెలనెలా డబ్బు వస్తుంది, ఆమె బతికినంత కాలం, లేదా మళ్ళీ పెళ్ళి చేసుకునేదాకా. కూతురికి పెళ్ళయ్యేదాకా. ఆడదాన్ని మొయ్యాల్సిన మగవాడు ఒకడు దొరికాడు కనుక ఇక నిధి తప్పుకోవచ్చునన్న మాట. 1976లో, ఎమర్జెన్సీ రోజుల్లో, కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు పూర్తి జీతంతో సెలవు పెట్టారు. మగవాళ్ళకు 7 రోజులు, ఆడవాళ్ళకు 14. రెండు ఆపరేషన్ల తేడా చట్టానికి తెలుసు. తేలికదాన్ని మగవాళ్ళు ఎందుకు చేయించుకోరో దానికి అక్కర్లేదు.

ఇక ఈ నిర్మాణం బయట ఉన్నవాళ్ళ సంగతి. ఉప్పల్ గల్లీల్లో ఇంట్లో కూచుని కాలర్లకు కాజాలు కుట్టి, గుండీలు కుట్టి డజనుకింత చొప్పున తీసుకునేవాళ్ళున్నారు. అదే చొక్కా, అదే యూనిట్, కానీ హాజరు పుస్తకంలో పేరు లేదు. హబ్సిగూడ అపార్టుమెంట్లలో నాలుగిళ్ళు చేసే అక్కలకు యజమానులు నలుగురు, అసలు యజమాని ఎవరూ కాదు. ఆశా కార్యకర్తలకు వచ్చేది జీతం కాదట, పారితోషికం. వేల కాన్పులను ఆస్పత్రిదాకా నడిపించిన ఆ మనిషి కాన్పు ఏ నిధిలోనూ లేదు.

వీళ్ళందరి కోసమే కదా ఆరోగ్యశ్రీ అంటారు. దాని చరిత్ర కూడా ఒకసారి చూడాలి. తొంభైల్లో ఆంధ్రప్రదేశ్ సంస్కరణల ప్రయోగశాల అయింది. 1998లో ప్రపంచబ్యాంకు ఆర్థిక పునర్నిర్మాణ రుణం, 1999లో విజన్ 2020 పత్రం. ప్రభుత్వం తానే చెయ్యడం కాదు, చేయించాలి అన్నది అప్పటి మంత్రం. ఆస్పత్రుల్లో ఊడ్చే పని, కాపలా పని కాంట్రాక్టుకు వెళ్ళాయి. ఊడ్చేవాళ్ళలో ఎక్కువమంది ఎవరో మీకు చెప్పనక్కర్లేదు. ప్రభుత్వం మారినా ఆ మంత్రం మారలేదు. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలైంది, మరుసటి ఏడాదికి రాష్ట్రమంతా వచ్చింది. డబ్బు ప్రభుత్వానిది, వైద్యం చాలావరకు కార్పొరేట్ ఆస్పత్రులది. భోర్ చెప్పినట్టు పన్నుల నుంచే ఖర్చు. కానీ ఆ ఖర్చు కట్టే పద్ధతి ఆపరేషన్‌కు ఇంత, ప్రొసీజర్‌కు ఇంత. గుండె ఆపరేషన్లు చేయించుకుని బతికిన పేదవాళ్ళు నా చుట్టాల్లోనే ఉన్నారు, ఆ మేలును కాదనను. అయితే కోతకు డబ్బిచ్చి, నిదానంగా చూసే వైద్యానికి ఇవ్వకపోతే శరీరాలు ఎటు నెట్టబడతాయి? తెల్లబట్ట, నడుంనొప్పి, రక్తహీనత, నెలసరి బాధలు, ఇవి డిస్పెన్సరీలో ఓపిగ్గా కూచుని వినాల్సిన జబ్బులు. వాటికి ప్యాకేజీ లేదు.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మొదటి రెండు స్థానాలూ మన తెలుగు రాష్ట్రాలవే. దీనికంతటికీ ఆరోగ్యశ్రీయే కారణమని నేను అనను, ఆ పథకం రాకముందే పల్లెల్లో చేనమ్మి గర్భసంచి తీయించుకున్నవాళ్ళున్నారు. దేశవ్యాప్తంగా చూస్తే ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆస్పత్రుల్లోనే జరిగాయని అదే సర్వే చెబుతోంది. ముప్పై ఐదేళ్ళకే గర్భసంచి పోగొట్టుకున్న ఆడవాళ్ళ కథలు మన కథాసాహిత్యంలో ఎన్ని ఉన్నాయో వెతికాను. చాలా తక్కువ.

ప్రసూతికీ అదే కథ. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం కేసీఆర్ కిట్ తెచ్చింది. ప్రభుత్వ ఆస్పత్రిలో కాన్పయితే మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000, విడతలుగా. ఆ వెయ్యి రూపాయల తేడా చూసినప్పుడల్లా ఇది ఓదార్పా, ప్రోత్సాహమా అని నాకు అనుమానం. అది వేలమంది తల్లులకు ఉపయోగపడిన మాట నిజం. కానీ అది పథకం, ప్రకటించినవాళ్ళ పేరు మీద నడుస్తుంది, విడత ఆగితే అడగడానికి చీటీ ఉండదు. ఆంటీ కోడలికి ఈఎస్‌ఐ నుంచి రావాల్సింది 26 వారాల జీతం, అంటే దాదాపు 72,000. అది ఆమె హక్కు. హక్కుకు రోజుల లెక్క ఉంటుంది. ఆ రోజుల్ని ఎవరు ఎక్కిస్తారన్న దగ్గరే అంతా ఉంది.

ఎక్కించేది కాంట్రాక్టర్. చట్టం దృష్టిలో, జీతంలోంచి కోసిన చందా అతని దగ్గర నమ్మకంతో ఉంచిన సొమ్ము, కట్టకపోతే నమ్మకద్రోహం నేరం. అతను చేసింది చిన్న పని. నెలకు 25 రోజులు పనిచేయించుకుని 11, 12 రోజులు చూపించాడు. తొంభై రూపాయలు కోసింది నిండు జీతం మీద, కట్టింది సగం జీతం మీద. తన వాటా కూడా సగమే కట్టాడు. 2019 జూలైలో కేంద్రం ఈఎస్‌ఐ చందాలు తగ్గించింది. యజమాని వాటా 4.75 శాతం నుంచి 3.25కు, కార్మికుల వాటా 1.75 నుంచి 0.75కు. 10,000 జీతం మీద కార్మికురాలికి నెలకు వంద మిగిలింది, యజమానికి నూట యాభై. చందా భారం తగ్గితే అందరూ నిజాయితీగా కడతారన్నది చెప్పిన కారణాల్లో ఒకటి. నిధిలో మిగులుంది కదా అన్నారు. మిగులున్న మాట నిజమే, వేల కోట్లు. డాక్టర్లు, మందులు, మంచాలు చాలని చోట మిగులు అనే మాటకు అర్థమేమిటో ఆర్థికశాస్త్రం చదివిన స్నేహితురాలిని అడిగాను. ఆమె నవ్వి ఊరుకుంది.

అదే 2019 సెప్టెంబరులో తెలంగాణలో మందుల కొనుగోళ్ళ కుంభకోణం బయటపడి, ఈఎస్‌ఐ డిస్పెన్సరీలు నడిపే బీమా వైద్య సేవల శాఖ డైరెక్టర్‌ను ఏసీబీ అరెస్టు చేసింది. డైరెక్టర్ స్త్రీ. ఆ వార్త చదివిన రోజు మా స్త్రీల బృందంలో ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. నేను కూడా. తొంభై, తొంభై చొప్పున పోగైన డబ్బు అది.

2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఈఎస్‌ఐ చట్టమూ, ప్రసూతి చట్టమూ రెండూ సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయాయి, కానీ ఒకే పుస్తకంలో వేరు వేరు అధ్యాయాలుగా. ఉమ్మడి నిధి ఒక అధ్యాయంలో, యజమాని జేబు ఇంకో అధ్యాయంలో. యాప్‌ల మీద పనిచేసేవాళ్ళ కోసం కంపెనీల టర్నోవర్‌లో ఒకటి రెండు శాతం వసూలు చేసే నిధి ఒకటి పెట్టారు. ఇళ్ళకు వెళ్ళి బ్యూటీపార్లర్ పని చేసే ఉప్పల్ ఆడపిల్లలకు అది ఎప్పటికి ఏ రూపంలో చేరుతుందో చూడాలి. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకు మళ్ళీ ‘పథకాలు’ అన్న మాటే. ఒక చిన్న వాక్యం నా కంటపడింది. కుటుంబం అంటే ఎవరెవరు అన్న నిర్వచనంలో, ఉద్యోగి స్త్రీ అయితే ఆమె మీద ఆధారపడిన అత్తమామలు కూడా చేరతారు. మగ ఉద్యోగికి అతని అత్తమామలు చేరరు. ఆంటీకి ఈ సంగతి చెబితే “గట్లనా, అయితె నా మోకాళ్ళు గూడ సూపిచ్చుకోవచ్చన్న మాట” అని సంబరపడింది. ఆమె సంబరం చూశాక నా విమర్శను కాసేపు లోపలే పెట్టుకున్నాను.

కోడలి విషయంలో నేను చెయ్యగలిగింది ఫిర్యాదు రాయడం. రెండు పేజీలు, చట్టంలో ఏ మాట ఎక్కడుందో చెబుతూ, మంచి తెలుగులో రాశాను. ఆ పిల్ల చదివింది. “మంచిగ రాసినవ్ అక్కా” అంది. సంతకం పెట్టలేదు. ఆ కాంట్రాక్టరే ఆమె అన్ననూ, ఆడబిడ్డనూ పనిలో పెట్టాడు. నేను బలవంతం చెయ్యలేదు. చెయ్యాల్సిందేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది, పెట్టిస్తే ముగ్గురి పని పోయేదని కూడా అనిపిస్తుంది. వైద్యానికి ఆ 70 రోజుల అడ్డం లేదు కనుక కాన్పు ఈఎస్‌ఐలోనే అయింది, ఆడపిల్ల, చేతి నుంచి పైసా పెట్టలేదు. సెలవు డబ్బులు రాలేదు. బిడ్డకు మూడో నెల నిండగానే ఆ పిల్ల మళ్ళీ మిషన్ మీద కూచుంది, వేరే కాంట్రాక్టర్ దగ్గర. పసిదాన్ని ఆంటీ చూసుకుంటోంది.

ఈసారి వాళ్ళ గోడ క్యాలెండర్ మీద, పాలవాడి లెక్క పక్కన, పనికి పోయిన రోజులకు పెన్సిల్‌తో చిన్న గీతలు కనిపించాయి. నెల కాగానే ఫోన్లో ఖాతా తెరిచి గీతలతో పోల్చుకుంటోంది. పోయిన ఆదివారం పొద్దున్నే బిడ్డను చంకనేసుకుని వచ్చింది. “అక్కా, గీ నెల ఇరవై మూడే పడ్డయ్. నేను పోయింది ఇరవై అయిదు” అంది. ఏం చేద్దామన్నాను. “సోమారం సూపర్‌వైజర్ని అడుగుత. నువ్వు రాసిన కాయితం ఇంక ఉన్నదా?” అంది.